అల్లుడి పండక్కి డైలీ ఫైనాన్సా? వద్దు

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర పల్లె. ఇంట్లోనే పిండివంటలు చేసి అమ్ముతాను. ఖర్చులు పోను నెలకు 26 వేలు మిగులుతుంది, ఇల్లు గడవడానికి 20 వేలవుతుంది. ఈ సంక్రాంతికి 1,20,000 రూపాయల ఆర్డర్లున్నాయి. అందులో 25 వేలు రెండు షాపులవి, వాళ్లు ఫిబ్రవరిలో ఇస్తారు. కొత్త అల్లుడు మొదటి పండక్కి వస్తున్నాడు. భోజనాలు 15 వేలు, బట్టలు 25 వేలు, లాంఛనం 20 వేలు అనుకుంటున్నాం. వ్యాపారం పెట్టుబడికి డైలీ ఫైనాన్స్‌లో లక్ష తీసుకుందామనుకుంటున్నాను. 88 వేలు చేతికిస్తారు, రోజుకు వెయ్యి చొప్పున 100 రోజులు కట్టాలి. బ్యాంకులో 15 వేలున్నాయి. అప్పు తీసుకోవచ్చా? నగలు తాకట్టు పెట్టడం మంచిదా? చీటీ పాడుకోనా?

జవాబు: అప్పు తీసుకోకండి. పండక్కి నెల ముందు ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి. అందరూ చేసే పొరపాటు ఒకటే: పండగ ఖర్చుకు వ్యాపారం పేరు పెట్టడం. మీ పెట్టుబడికి అప్పు అవసరమే లేదు. అప్పు కావాల్సింది బట్టలకీ లాంఛనానికీ.

ముందు ఆ కిస్తీ సంగతి. చూడ్డానికి వడ్డీ 12 వేలే. కానీ రోజూ అసలు తగ్గిపోతుంది కాబట్టి ఆ 100 రోజుల్లో సగటున మీరు వాడుకునేది 44 వేలే. అంటే నూటికి నెలకు ఎనిమిది రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా నూటికి ఎనిమిది అంటే మీరు ఆ గుమ్మం తొక్కరు. పైగా మీ మిగులు రోజుకు 870 దాటదు, అందులోనే ఇల్లు గడవాలి. డిసెంబరు ఆఖర్లో తీసుకుంటే ఏప్రిల్ మొదటి వారందాకా రోజూ వెయ్యి ఎక్కణ్ణుంచి తెస్తారు? పండగ దాటాక పిండివంటల గిరాకీ ఎలా పడిపోతుందో నాకన్నా మీకే బాగా తెలుసు. ఒక కిస్తీ తీర్చడానికి ఇంకో కిస్తీ ఎత్తడం అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు మీ లెక్క. 1,20,000 ఆర్డర్లకు సరుకులు, గ్యాసు, ప్యాకింగు కలిపి 54 వేలు, ఇద్దరు సాయం మనుషులకు పది రోజుల కూలి 10 వేలు, పార్సిళ్లకు 6 వేలు వేసుకోండి. మొత్తం 70 వేలు. షాపులు పోను మిగతా 95 వేల ఆర్డర్లకు సగం అడ్వాన్సు అడగండి, 47,500 వస్తుంది. మొహమాటపడకండి, హైదరాబాదు నుంచి ఆర్డరిచ్చే వాళ్లకు ఫోనులో సగం పంపడం పెద్ద పని కాదు. మిగతా సగం పార్సిల్ కట్టాక, బస్సెక్కించక ముందు తీసుకోండి. సరుకులు రెండు విడతలుగా కొంటే మొదటి విడత అమ్మకంతో రెండోది వచ్చేస్తుంది. భోగి నాటికి మీ చేతిలో 25 వేలుంటుంది. పండగ అంతా అందులోనే జరగాలి. బ్యాంకులో ఉన్న 15 వేలు ముట్టుకోకూడదు.

జరుగుతుంది కూడా. భోజనాలకు 12 వేలు, అమ్మాయికీ అల్లుడికీ మాత్రం బట్టలు 8 వేలు, లాంఛనం 5 వేలు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, మీ వాళ్లు ముక్కనుమ దాకా ఉంటారు, కాబట్టి నాలుగు రోజులకు లెక్క వేయండి. ఏటా టీవీలో వచ్చే వందల రకాల విస్తరితో పోటీ వద్దు. భోగికి పులిహోర, బూరెలు. పండగ నాడు పరమాన్నం, కూరలు. కనుమకు నాటుకోడి, గారెలు. అరిసెలు, సున్నుండలు, జంతికలు మీ పొయ్యి మీదవే. అయితే ఇంటికి తీసిన ప్రతి కిలోనూ ఖాతాలో అమ్మకం కింద రాసి, సరుకు డబ్బు పండగ డబ్బులోంచి వ్యాపారం డబ్బాలో వేయండి. లాభం ఎటు పోయిందో తెలియడం లేదనే వాళ్లలో చాలామందికి అది పోయేది ఇక్కడే.

ఆర్డర్ల వంట భోగికి మూడు రోజుల ముందే ముగించండి. నిల్వ ఉండే జంతికలు, సున్నుండలు ముందు, అరిసెలు చివర. అరిసెల బియ్యం తడిగా ఉండగానే పట్టించి, ఆ రోజే పాకంలో కలపాలి. పండగ వారంలో మిల్లు దగ్గర వరస పెద్దది, కరెంటు పోయిందంటే నానిన బియ్యం పులుస్తాయి. పిండి ఆరిపోతే అరిసెలు విరుగుతాయి, పాకం ముదిరితే రాళ్లవుతాయి. పది కిలోల వాయి పాడైతే సరుకుతో పాటు ఆర్డరూ పోతుంది. అందుకే ఐదేసి కిలోలకు మించి నానబెట్టకండి. విందుకు బూరెల పూర్ణం ముందు రాత్రే ఉడికించి గట్టిగా దగ్గరకు రానివ్వండి. తడి మిగిలినా, పూర్ణాన్ని ముంచే తోపు పిండి పలచనైనా నూనెలో పగిలి చేతి మీద చిందుతుంది.

నాకు అసలు భయం ఆ చెయ్యి గురించే. వండేది మీరొక్కరే. చెయ్యి కాలి నెల రోజులు పొయ్యి వెలగకపోతే 15 వేలు మూడు వారాలకు మించి రావు. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా మీ ఖాతాలో ఉందో లేదో చూసుకోండి, కానీ అది ప్రాణం పోయినప్పుడో అవయవం పోయినప్పుడో ఇచ్చేది, నెల రోజుల తిండికి కాదు. పైగా మనది డెల్టా. జూలై, ఆగస్టుల్లో వరద, ఆపైన తుపాన్లు. 2025 అక్టోబరులో మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటింది. అలాంటప్పుడు మిల్లు ఆడదు, పార్సిలు కదలదు, బియ్యం కార్డుతో ఇల్లు మొత్తం గడవదు.

మీకు కావాల్సిన అత్యవసర నిధి లక్ష. నాలుగు నెలల ఇంటి ఖర్చు 80 వేలు, మళ్లీ పని మొదలుపెట్టడానికి సరుకుకు 20 వేలు. ఇప్పుడున్న 15 వేలకు షాపులిచ్చే 25 వేలు వచ్చిన రోజే కలపండి, 40 అవుతుంది. తర్వాత నెలకు 5 వేలు పక్కన పెడితే ఏడాదిలో లక్ష పూర్తవుతుంది. మాఘంలో, శ్రావణంలో సారె ఆర్డర్లు బాగా వస్తే ఇంకా ముందే. ఈ డబ్బు వ్యాపారం ఖాతాలో ఉంచకండి, వేరే బ్యాంకులో పొదుపు ఖాతా తెరిచి ఫోన్‌పేకు కలపకుండా వదిలేయండి. సగం దాటాక కొంత ఎఫ్‌డీ చేయొచ్చు. అల్లుడికి ఇంకా పెట్టాలనుంటే లక్ష నిండాకే.

నగలు నిధి లేని రోజున ఆసుపత్రికి ఆఖరి దారి, లాంఛనానికి కాదు. చీటీ పాటలో ఈ పండగ సీజనులో తోపుడు, అంటే పాడుకోవడానికి వదులుకునే మొత్తం, ఎక్కువ, వద్దు. డ్వాక్రా సంఘంలో ఉంటే, వచ్చే ఏడాది పెద్ద గ్రైండరు కొనడానికి ఆ అప్పు అడగండి. ఫైనాన్స్ వాళ్లకు ఇప్పటికే సంతకం చేసిన ఖాళీ ప్రామిసరీ నోటో, ఖాళీ చెక్కో ఇచ్చి ఉంటే, డబ్బు తీసుకోలేదు కాబట్టి ఈ వారమే ఇంట్లో ఒకరిని తోడు తీసుకెళ్లి వెనక్కి తెచ్చుకోండి.