యుద్ధాల వల్ల వైద్యానికి ఒరిగిన అతి పెద్ద మేలు ఏమిటి?

ఈ ప్రశ్నకి జవాబు రాసినవాళ్లంతా పెన్సిలిన్ దగ్గరే ఆగిపోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగే సైనికుల కోసం లక్షల డోసులు సిద్ధం చేశారు, కాదనను. కానీ 1850ల నాటి క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికులు తూటాల కన్నా రోగాలకే ఎక్కువ పోయారు. నన్నడిగితే యుద్ధం మనకిచ్చిన అసలు మందు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో మా సింగ్ నగర్ మీద పడింది. మాది మొదటి అంతస్తు కాబట్టి మనుషులం మిగిలాం. కింద స్కూటర్ మునిగింది, కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. మూడో రోజు పొద్దున అమ్మకి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. పులిహోర పొట్లం వల్లా, నీళ్ల వల్లా అని మా ఇంట్లో ఇప్పటికీ తగువే. మధ్యాహ్నానికి కళ్లు గుంటలు పడ్డాయి. పొట్ట మీద చర్మం పట్టుకుని వదిలితే మడత అలాగే నిలబడుతోంది. మేడ మీద నుంచి అరిచి అరిచి నా గొంతు పోయింది గానీ, పడవలు మెయిన్ రోడ్డు దిగి మా సందులోకి రాలేదు.

పై వాటాలో ఒక రిటైర్డ్ నర్సు ఉంటారు. వీధంతా సిస్టరమ్మ అంటాం. ఆవిడ దిగొచ్చి, "టెన్షన్ పడింది చాలు, సీలు తీయని లీటరు బాటిల్ తేవయ్యా" అన్నారు. చెంచా మీద వేలితో గీసి సమంగా ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. కలిపి ముందు తన నాలుక మీద చుక్క వేసుకున్నారు. "కన్నీళ్ల కన్నా ఉప్పగా ఉంటే పారబోయాలి."

తర్వాత నిమిషానికి రెండు చెంచాలు. అమ్మ కక్కేసింది. "పది నిమిషాలు ఆగి మళ్లీ పొయ్యి. కక్కినా కొంత లోపలికి పోతూనే ఉంటుంది." కొవ్వొత్తి వెలుగులో నేనూ మా ఆవిడా వంతులేసుకుని పోశాం. రాత్రి తొమ్మిదింటికి అమ్మ, "ఒంటేలుకి వెళ్లాలిరా" అంది. సిస్టరమ్మ ఆ రోజు మొదటిసారి నవ్వారు.

ఇల్లు కడుక్కున్నాక ఈ నీళ్ల కథ ఎక్కడిదా అని చదివాను. 1971, బంగ్లాదేశ్ యుద్ధం. లక్షల మంది సరిహద్దు దాటి వచ్చారు, బెంగాల్లోని బన్‌గావ్ శిబిరాల్లో కలరా. కలకత్తా నుంచి డాక్టర్ దిలీప్ మహలనోబిస్ వెళ్లేసరికి రోగులు నేల మీదే పడున్నారు. సెలైన్ పెట్టాలంటే వాళ్ల వాంతుల్లో మోకాళ్లేసి కూర్చోవాలి. ఆ సీసాలూ నిండుకుంటున్నాయి. ఆయన ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా పొట్లాలు కట్టించి, పాలిథిన్ సంచుల్ని ఇస్త్రీపెట్టెతో అతికించి, డ్రమ్ముల్లో కలిపించారు. తాగించే పని రోగుల చుట్టాలకే అప్పగించారు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న చావులు 3.6 శాతానికి దిగాయి.

గ్లూకోజ్ తోడుంటే పేగు ఉప్పుని లాక్కుంటుంది, ఉప్పు వెంట నీళ్లు పోతాయి. అంతే కిటుకు. ఇది 1960లలోనే తెలుసు, కానీ పెద్ద డాక్టర్లు చాలామంది నమ్మలేదు. సెలైన్ అయిపోయే పరిస్థితి రాకపోతే ఇప్పటికీ నమ్మేవాళ్లు కాదని నా గట్టి నమ్మకం. మహలనోబిస్‌కి పద్మవిభూషణ్ 2023లో ఇచ్చారు. ఆయన పోయింది 2022లో.

ఇంకో కడుపుమంట. ఈ ఉప్పూ పంచదారా నీళ్లకి డాక్టర్లు పెట్టిన పేరు ఓఆర్ఎస్. అదే పేరు పెట్టి పంచదార పానకం డబ్బాలు ఏళ్ల తరబడి అమ్మారు. ఆ పేరు వాడొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ గట్టిగా చెప్పేసరికి 2025 అక్టోబర్ వచ్చింది. మనవాళ్లూ తక్కువేం కాదు. కాస్త నీరసంగా ఉంటే చాలు, "ఒక బాటిల్ ఎక్కించండి డాక్టర్ గారూ" అంటారు. స్పృహ లేనివాళ్లకీ, మరీ ఒళ్లు ఎండిపోయినవాళ్లకీ సెలైన్ తప్పదు, అది వేరే సంగతి. నోటితో తాగగలిగినవాళ్లకి కూడా నరంలోకి ఎక్కితే గానీ వైద్యం జరిగినట్టుండదు.

మా అమ్మే సాక్ష్యం. ఐదో రోజు పడవెక్కి బయటపడగానే, శుభ్రంగా నడుస్తూ వెళ్లి, ఒక క్లినిక్‌లో పట్టుబట్టి మరీ బాటిల్ పెట్టించుకుంది. తెనాలి నుంచి చుట్టాలెవరొచ్చినా ఇప్పుడు ఒకటే మాట: "ఆ రోజు ఆ సెలైన్ ఎక్కబట్టి గానీ, లేకపోతే నేను ఉందునా!" సిస్టరమ్మ పక్కనే కూర్చుని కాఫీ తాగుతుంటారు.