వీఎస్ఎస్ అడవిలో నడవాలంటే ముందు ఆ బాట ఎవరిదో చూడండి

ఊరి పక్క వన సంరక్షణ సమితి (వీఎస్ఎస్, అంటే అటవీశాఖతో కలిసి అడవిని కాపాడే ఊరివాళ్ల సంఘం) అడవిలో పొద్దున్నే నడవాలని ఉంది, బోర్డులేం లేవు, దారి ఎలా పట్టుకోవాలి అని అడిగారు కదా.

ఈ అడవుల్లో నడక కోసమే వేసిన బాటలు అరుదు. ఉన్నవి చాలావరకు పశువులు, మేకలు, కట్టెలకు పోయేవాళ్లు తొక్కగా పడ్డవే. రెండు పక్కలా కొమ్మలు తలపై దాకా కత్తి గాటుతో తెగి ఉంటే అది నెత్తిన మోపు పెట్టుకుని వచ్చేవాళ్ల బాట. ఊరికో, బండ్ల బాటకో చేరుస్తుంది. కింద గిట్టల గుర్తులుండి, మొహానికి పరికి కంప గీరుకుంటుంటే అది మేకల దారి. కాస్త దూరం పోయాక నాలుగుగా చీలి మాయమవుతుంది. చీలిక మొదట్లోనే వెనక్కి తిరగండి.

ఎక్కువమంది తప్పిపోయేది కందకాల దగ్గర. వాననీళ్లు ఇంకడానికి గుట్ట వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో తవ్వుతారు. గట్టు చదునుగా ఉంది కదా అని దాని వెంటే పోతే గుట్ట చుట్టూ తిరగడమే, కిందికి దిగరు. దిగాలంటే కందకాలను ఒక్కొక్కటీ దాటాలి. ఫిబ్రవరి, మార్చిలో వాటి నిండా టేకాకు రాలి నేలతో సమానంగా కనిపిస్తుంది. కర్రతో పొడిచి చూశాకే కాలు వేయండి. మడమ మెలిక పడటం ఒక భయం, ఆకు కింద రక్తపింజరి ఉండటం ఇంకో భయం.

"పొద్దున్నే" అన్నారు, అక్కడే నా అభ్యంతరం. పూర్తిగా తెల్లవారందే అడవి అంచు చేలలో అడుగు పెట్టొద్దు. అడవి పందుల కోసం కొందరు చట్టానికి విరుద్ధంగా, మోకాలి కంటే తక్కువ ఎత్తులో, పుల్లలకు కట్టి కరెంటు తీగ లాగుతారు. మసక వెలుతురులో అది కనపడదు. చేనుకు అడ్డంపడి పోకుండా బండ్ల బాట మీదే లోపలికి వెళ్లండి. ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్‌లో ఇంకా ఆలస్యంగా బయల్దేరండి. తెల్లవారుజామున ఆ చెట్ల కింద ఎలుగుబంట్లు ఉంటాయి.

నవంబరు నుంచి జనవరి దాకా నడకకు మంచి కాలం. మూడు గంటల నడకకు మనిషికి రెండు లీటర్ల నీళ్లు చాలు. సమితి అధ్యక్షుడికో అటవీశాఖ బీట్ ఆఫీసర్‌కో ముందుగా చెప్పి, సరేనన్నాకే వెళ్లండి. అది చాలాచోట్ల రిజర్వు ఫారెస్టే, అంటే అటవీశాఖ అధీనంలోని అడవి.

చలికాలంలో గోధుమరంగు నూగుతో వేలాడే దూలగొండి కాయలకు దూరంగా ఉండండి. నూగు పడితే గోకొద్దు, చేత్తో తుడవొద్దు, అలా చేస్తే ఇంకా పాకుతుంది. ప్లాస్టర్ టేపు అంటించి పీకి, ఆ తర్వాత సబ్బునీళ్లతో కడగండి.

పశువుల దారుల్లో గోమార్లు (రక్తం పీల్చే పిడుదులు) పడతాయి. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి. ఇంటికి రాగానే నడుము పట్టీ కింద, మోకాళ్ల వెనక చూసుకోండి. కరిచి పట్టుకుని ఉంటే అగ్గిపుల్లతో కాల్చకుండా, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నెమ్మదిగా నిటారుగా లాగాలి.