చక్రాల మీద కాపురం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 12 సీట్ల పాత ట్రావెలర్ వ్యాను కొన్నాం. సీట్లు తీసేసి మంచం, ఫ్రిజ్, ఒక టన్ను ఏసీ పెట్టించాలని ఉంది. రాత్రంతా ఏసీ నడవాలంటే ఎన్ని బ్యాటరీలు కావాలి? సోలార్ సరిపోతుందా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: సోలార్ సరిపోదండి. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ మొదట్లో వెయ్యి వాట్ల దాకా లాగుతుంది, లోపల చల్లబడ్డాక సగానికి దిగుతుంది. వైజాగ్ ఉక్కపోతలో ఎనిమిది గంటలకు, ఇన్వర్టర్ నష్టం కూడా కలిపితే, సుమారు 5 యూనిట్లు. 12.8 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) లిథియం బ్యాటరీలో ఉండేది రెండున్నర యూనిట్లు, నిశ్చింతగా వాడుకోగలిగేది రెండు. అంటే ఒక్క ఏసీకే మూడు బ్యాటరీలు. పైకప్పు మీద 400 వాట్ల ప్యానెళ్లు మంచి ఎండలో రోజుకు 1.2 నుంచి 1.4 యూనిట్లు ఇస్తాయి. ముసురు పట్టిన రోజు అందులో సగం వచ్చినా గొప్పే. సోలార్‌తో రాత్రంతా ఏసీ నడిపిస్తామనే వాళ్లను ఈ లెక్క కాగితం మీద వేసి చూపించమనండి.

ఏసీని బయటి కరెంటుకు వదిలేయడమే మా సలహా. హోమ్‌స్టేలోనో, బంధువుల వాకిట్లోనో ఆగినప్పుడు 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎర్త్‌తో 2.5 చదరపు మి.మీ. మూడు కోర్ల రబ్బరు కేబులు, బండిలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) ఉంటే చాలు. మిగతా రోజుల్లో 12 వోల్టుల ఫ్రిజ్‌కు 600 వాట్ అవర్లు (వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్), రెండు ఫ్యాన్లకు 500, లైట్లూ పంపూ ఫోన్లకు 200. మొత్తం 1.3 యూనిట్లు. దీనికి ఒక్క 200 ఏహెచ్ బ్యాటరీ, 400 వాట్ల సోలార్ సరిగ్గా సరిపోతాయి.

ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుండగా కరెంటు తయారుచేసేది) నుంచి నేరుగా లిథియం బ్యాటరీకి వైరు లాగనివ్వకండి. ఎంత ఇస్తే అంతా పీల్చేసుకునే బ్యాటరీ అది. బండి ఐడిలింగ్‌లో ఉండగా ఆల్టర్నేటర్ కాలిపోతుంది. మధ్యలో, కరెంటును హద్దులో ఉంచే 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ పెట్టించండి. అరకు చేరేలోపు దాదాపు ఒక రోజు కరెంటు నిండుతుంది.

సీట్లు తీయించే ముందు ఆర్టీవో అనుమతి తీసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇది బండిలో మార్పు చేయడం కిందికి వస్తుంది. ఆర్‌సీలో ఒకటి, బండిలో ఒకటి ఉంటే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

ప్రశ్న: బ్యాటరీ 70 శాతం ఉండగానే ఫ్రిజ్ అర్ధరాత్రి ఆగిపోతోంది. కంపెనీ వాళ్లు ఫ్రిజ్ బాగానే ఉందంటున్నారు.
– పెందుర్తి

జవాబు: వాళ్లన్నది నిజమే అయి ఉంటుంది. లోపం వైరులో వెతకండి. ఇళ్లకు వాడే 1.5 చదరపు మి.మీ. వైరు వేసి ఉంటారు. బ్యాటరీకి ఆరు మీటర్ల దూరంలో ఫ్రిజ్ ఉంటే రానూపోనూ పన్నెండు మీటర్లు. 5 ఆంపియర్లు పోతున్నప్పుడే 0.7 వోల్టు వైరులో పోతుంది, కంప్రెసర్ స్టార్టింగ్‌లో ఇంకా ఎక్కువ. దాంతో ఫ్రిజ్, బ్యాటరీ అయిపోయిందనుకుని కట్ చేసుకుంటుంది. 6 చదరపు మి.మీ. వైరు వేసి, బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. కంప్రెసర్ నడుస్తుండగా ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర మల్టీమీటరుతో వోల్టేజీ చూస్తే సంగతి మీకే తెలుస్తుంది.

ప్రశ్న: రూఫ్ ఫ్యాన్ కోసం పైకప్పు కోయించాం. ఆరు నెలలకే చుట్టూ తుప్పు, వానకు కారుతోంది. సిలికాన్ ఎన్నిసార్లు రాసినా నిలవడం లేదు.
– ఎంవీపీ కాలనీ

జవాబు: సిలికాన్ మీద సిలికాన్ అంటదు. పైగా వెనిగర్ వాసన వేసే సిలికాన్ ఇనుమును తినేస్తుంది. ఫ్యాను విప్పి పాతదంతా గీకేయండి. కోసిన అంచును ఎమెరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, పైన పెయింటు వేయించండి. పూర్తిగా ఆరాక బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు పట్టీ) పరిచి ఫ్యాను దించండి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి వాడి అంచు చుట్టూ పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ పట్టించండి. కోసినప్పుడు రాలిన రజను పైకప్పు మీద వదిలేస్తే మొదటి వానకే ప్రతి రేణువూ ఎర్రచుక్క అవుతుంది, అయస్కాంతంతో ఏరించండి.

సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి ఇంకో మాట. వేడి ఆపడానికి గోడల్లో గ్లాస్‌వూల్ (గాజు దూది) వద్దు, చెమ్మ పట్టి రేకును లోపలి నుంచి తినేస్తుంది. 19 మి.మీ. నైట్రైల్ (రబ్బరు) ఫోమ్ అతికించండి. తలుపుల అడుగున ఉండే నీటి రంధ్రాలను ఫోముతో మూసేస్తుంటారు, అది చూసుకోండి. బీచ్‌రోడ్డులో పెట్టి వచ్చిన రోజు బండి అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడగాలి.

ప్రశ్న: ఇంట్లో వాడే గ్యాస్ సిలిండరే బండిలో పెట్టుకోవచ్చా?
– మధురవాడ

జవాబు: వద్దు. 5 కిలోల చిన్న సిలిండర్ తీసుకోండి. నిలువుగా, రెండు బెల్టులతో కట్టి, గదికి సంబంధం లేని పెట్టెలో ఉంచాలి. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే కిందికే దిగుతుంది కనుక ఆ పెట్టె అడుగున బయటికి రంధ్రం ఉండాలి. గ్యాస్ అలారం నేలకు జానెడు ఎత్తులో బిగించండి. బండి కదిలే ముందు రెగ్యులేటర్ ఆపేయాలి.

ప్రశ్న: 200 లీటర్ల నీళ్ల ట్యాంకు వెనక మంచం కింద పెడదామనుకుంటున్నాం. సరేనా?
– గోపాలపట్నం

జవాబు: లీటరు నీళ్లు కిలో, అంటే 200 కిలోలు వెనక ఇరుసు అవతల వేలాడతాయి. ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తప్పుతుంది. ఇద్దరికి 100 లీటర్లు చాలు. ట్యాంకు రెండు ఇరుసుల మధ్య, నేలకు దగ్గరగా, లోపల అడ్డు పలకలతో ఉండాలి. సామాను బరువు కూడా చూసుకోండి: 18 మి.మీ. ప్లై షీటు ఒక్కటే 35 కిలోల దాకా తూగుతుంది, అల్మరాలకు 9 మి.మీ. సరిపోతుంది.

నీళ్లు, డీజిలు నింపి, మనుషులెక్కాక ఆటోనగర్‌లో వేబ్రిడ్జి మీద తూయించండి. మొత్తం ఒకసారి, ముందు చక్రాలు ఒకసారి, వెనకవి ఒకసారి. ఆర్‌సీలోని గ్రాస్ వెయిట్ (బండి, సామాను, మనుషులు కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు) దాటితే అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టవు. కొత్త ట్యాంకును వాడేముందు నీళ్లు నింపి, 4 శాతం సోడియం హైపోక్లోరైట్ 100 లీటర్లకు 125 మి.లీ. కలిపి, కుళాయిల్లోకి కూడా వదిలి నాలుగు గంటలు ఉంచండి. తర్వాత వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగండి.