మూడు కొటేషన్లు పక్కన పెట్టి, ముందు పాలసీ కాగితం తీయండి

ప్రశ్న: మావారికి 42 ఏళ్లు. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 102 కిలోలు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మందులు వాడుతున్నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 9 దాటే ఉంటోంది. డాక్టర్ బరువు తగ్గే సర్జరీ గురించి చెప్పారు. పొట్టలో పెట్టే బెలూన్‌కి 1.60 లక్షలు, పొట్టను తగ్గించే స్లీవ్ సర్జరీకి 3.20 లక్షలు, పొట్ట బైపాస్‌కి 4 లక్షలు అవుతుందట. చేతిలో లక్షన్నర ఉంది. 5 లక్షల హెల్త్ పాలసీ తీసుకుని రెండేళ్ల నాలుగు నెలలైంది. నా బంగారం తాకట్టు పెట్టి స్లీవ్ చేయించేద్దామా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: బంగారం జోలికి ఇప్పుడే వెళ్లకండమ్మా. బీరువాలోంచి పాలసీ కాగితాలు తీసి, మినహాయింపుల పేజీలో ఊబకాయం అన్న చోట చదవండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకే మాట రాయించింది. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 40 లేదా ఆపైన ఉండాలి. లేదంటే 35 లేదా ఆపైన ఉండి గుండె జబ్బో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో (నిద్రలో ఊపిరి ఆగడం), అదుపులోకి రాని టైప్ 2 షుగరో ఉండాలి. అంతకుముందు మామూలు పద్ధతుల్లో బరువు తగ్గడానికి ప్రయత్నించి విఫలమై ఉండాలి. మీవారి బీఎంఐ దాదాపు 37.5, షుగర్ అదుపులో లేదు. అంటే దారి ఉంది. డాక్టర్ సరే అన్నారు కదా అని కంపెనీ కూడా సరే అంటుందనుకోవద్దు. ఆసియా వాళ్లకు బీఎంఐ 27.5 నుంచే సర్జరీ ఆలోచించవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పాయి. పాలసీకి ఆ లెక్కతో పని లేదు.

ఇక వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ కోసం ఆగాల్సిన కాలం. పాలసీకి ముందే ఉన్న జబ్బులకు అది మూడేళ్లు మించకూడదని 2024లో నిబంధన వచ్చింది. మీ పాలసీలో పూర్తి మూడేళ్లూ ఉంటే ఇంకో ఎనిమిది నెలలు. అంతకాలం ఆగవచ్చా అని డాక్టర్నే అడగండి, అది నేను చెప్పే మాట కాదు. ఒక్కటి మాత్రం నిజం చెప్పండి: పాలసీ తీసుకునేటప్పుడు షుగర్ సంగతి రాశారా? ఏజెంటు "అక్కర్లేదు లెండి" అని వదిలేయించి ఉంటే క్లెయిమ్ అక్కడే చిక్కుకుంటుంది.

మూడింటిలో ఏది? బెలూన్ అద్దె ఇల్లు లాంటిది. సాధారణంగా ఆరు నెలలకు తీసేస్తారు, బరువు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ, పాలసీ కూడా మామూలుగా ఇవ్వదు. దాన్ని వదిలేయండి. స్లీవ్‌లో పొట్ట ముప్పాతిక భాగం పైగా కోసి తీసేస్తారు, మళ్లీ వెనక్కి రాదు. గుండెల్లో మంట ఉన్నవాళ్లకు అది పెరగవచ్చు. బైపాస్‌లో పొట్టను చిన్న సంచిలా చేసి పేగుకు కలుపుతారు. షుగర్ మీద దాని ప్రభావం సాధారణంగా ఎక్కువ. బీ12, ఐరన్, కాల్షియం లోపాల భయం కూడా దీనికే ఎక్కువ. మీవారి అసలు సమస్య షుగర్ కాబట్టి, 80 వేలు కలిసొస్తాయని స్లీవ్ ఎంచుకోవడం సరైన లెక్క కాదు.

ఎందుకంటే అసలు బిల్లు తర్వాత మొదలవుతుంది. స్లీవ్ అయినా బైపాస్ అయినా విటమిన్ మాత్రలు, రక్త పరీక్షలు జీవితాంతం తప్పవు. నెలకు 2,000 అనుకున్నా 20 ఏళ్లకు 4.80 లక్షలు! షుగర్ మందులు తగ్గితే అందులో కొంత తిరిగొస్తుంది. మీ చేతిలోని లక్షన్నరను ఈ ఖర్చుకీ, కుట్టు లీకై ఐసీయూలో ఉండాల్సి వస్తే దానికీ దాచండి. ప్యాకేజీలో పొట్టను కోసి కుట్టే స్టేప్లర్ ఖర్చు ఉందో లేదో రాయించుకోండి. బిల్లు అక్కడ పెరగవచ్చు. గది అద్దె పరిమితి దాటితే మిగతా బిల్లులోనూ కోత పడుతుంది, అది కూడా చూసుకోండి.

ఈలోగా డైటీషియన్ చీటీలు, బరువు నమోదైన ఓపీ కాగితాలు, ప్రతి హెచ్‌బీఏ1సీ రిపోర్టూ ఒక ఫైలులో పెట్టండి. ప్రయత్నించి విఫలమయ్యారనడానికి అవే సాక్ష్యం. ఒకవేళ ఆ ప్రయత్నంలోనే మీవారు 95 కిలోలకు దిగిపోతే బీఎంఐ 35 లోపు పడుతుంది, క్లెయిమ్ పోతుంది. ఆ నష్టం గురించి మాత్రం నాకు ఉత్తరం రాయనక్కర్లేదు.