కొత్త కార్డు కొనే ముందు ఇవి చూడు, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకు,

పెదనాన్న ఆశీస్సులు.

నీ మెయిల్ రెండుసార్లు చదివాను. కంప్యూటర్‌లో గంటల తరబడి బొమ్మలు గీసుకున్నా, సినిమాలు చూసినా ఏమీ కాదు, పెద్ద గేమ్ తెరిచి సెట్టింగులు అల్ట్రాలో (అన్నిటికన్నా పై స్థాయిలో) పెడితే మాత్రం పావుగంటలో ఆగిపోతోంది అన్నావు. చివర్లో "గ్రాఫిక్స్ కార్డు పోయినట్టుంది, కొత్తది కొనేస్తాను" అని రాశావు. ఆ మాట చూసే ఈ ఉత్తరం ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ఇప్పుడే కొనకు తల్లీ. గేమ్‌లో ఆగిపోయినంత మాత్రాన తప్పు కార్డుదే కానక్కర్లేదు. తెర మీద బొమ్మ గీసే ఆ కార్డు పూర్తి బలంతో పనిచేసేటప్పుడు పవర్ సప్లై (అన్ని భాగాలకీ కరెంటు పంచే డబ్బా), కేబుళ్లు, ర్యామ్, ప్రాసెసర్, గాలి అన్నిటి మీదా ఒకేసారి భారం పడుతుంది. వాటిలో ఏది చేతులెత్తేసినా పైకి మనకు కనిపించేది ఆట ఆగిపోవడమే.

నాకు అన్నిటికన్నా ముందు కావలసిన సంగతి నువ్వు రాయలేదు. అసలు ఎలా ఆగిపోతోంది? ఎవరో స్విచ్ తీసేసినట్టు ఠక్కున ఆరిపోయి, తనంతట తానే రీస్టార్ట్ అవుతోందా? అలాగైతే నా అనుమానం మొదట కరెంటు మీదే. స్క్రీన్ నల్లబడినా పాట వినిపిస్తూ, కార్డు ఫ్యాన్లు హోరుమని తిరుగుతున్నాయా? అప్పుడు కార్డుకీ మిగతా సిస్టమ్‌కీ మధ్య సంబంధం తెగినట్టు. ఇక్కడ కార్డునీ, దానికి కరెంటు తెచ్చే కేబుళ్లనూ రెండింటినీ అనుమానించాలి. గేమ్ ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ మామూలుగా కనిపిస్తే డ్రైవరో (కార్డుని విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్), ఓవర్‌క్లాకో (మామూలుకన్నా వేగం పెంచి నడపడం), ర్యామో, ఒక్కోసారి ఆ గేమే కారణం. ఆగిపోయే ముందు తెర మీద రంగురంగుల గళ్లు, చుక్కలు వస్తే మాత్రం కార్డు మీదున్న వీడియో మెమరీని తప్పక చూడాలి.

ఇంకొకటి కూడా గమనించు. సిస్టమ్ ఆరిపోయినప్పుడు మానిటర్ లైటు కూడా అదే క్షణంలో ఆరిందా, లేక సీపీయూ బాక్స్ ఒక్కటేనా? రెండూ ఒకే యూపీఎస్ మీద ఉండి రెండూ ఆరితే, ముందు ఆ యూపీఎస్‌నే చూడు. యూపీఎస్ మీద 600 వీఏ (వోల్ట్-ఆంపియర్లు) అని ఉంటుంది కానీ, అలాంటివి చాలావరకు ఇచ్చేది 360 వాట్లే. పెద్ద కార్డున్న సిస్టమ్ గేమ్‌లో అంతకన్నా తేలిగ్గా ఎక్కువ లాగుతుంది. ఒకరోజు యూపీఎస్ లేకుండా, ఎక్స్‌టెన్షన్ బోర్డు లేకుండా, నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి ఆడి చూస్తే సంగతి తేలిపోతుంది.

తర్వాత విండోస్ ఏం రాసుకుందో చూడు. విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్ అనే చిట్టా తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ నొక్కి, ఆగిపోయిన సమయానికి వెళ్లు. అక్కడ కెర్నల్ పవర్ 41 అని ఎర్ర గుర్తుతో కనిపిస్తుంది. దాన్ని చూసి చాలామంది పవర్ సప్లై పోయిందని తేల్చేస్తారు. ఆ ఎంట్రీకి అర్థం "గత సారి సిస్టమ్ పద్ధతిగా షట్‌డౌన్ కాలేదు" అని మాత్రమే, కారణం చెప్పడం దాని పని కాదు. అయితే దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ (విండోస్ రాసుకునే తప్పు నంబరు) 0 అని ఉంటే, విండోస్‌కి తప్పు రాసుకునే వ్యవధి కూడా దొరకలేదన్నమాట. దానికి తోడు సిస్టమ్ తనంతట తానే ఆరిపోయి ఉంటే కరెంటు వైపు అనుమానం గట్టిపడుతుంది. అదే చిట్టాలో 4101 నంబరు ఎంట్రీ కనిపిస్తే డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసి మళ్లీ కోలుకుందని అర్థం. విండోస్ మామూలుగా కార్డు కోసం 2 సెకన్లు ఆగి చూస్తుంది, జవాబు రాకపోతే డ్రైవర్‌ని రీసెట్ చేస్తుంది. అదీ కుదరకపోతే వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ అనే బ్లూ స్క్రీన్ వస్తుంది. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల పట్టికలో) ఆ 2 సెకన్లను 8 చెయ్యి, 10 చెయ్యి అని ఎవరైనా చెబితే వినకు. అలా చేస్తే జబ్బు అలాగే ఉంటుంది, నీకు తెలియడమే ఆలస్యమవుతుంది. డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ అన్న పేరుతో ఎంట్రీలు ఉంటే హార్డ్‌వేర్ తానే తప్పు ఒప్పుకుంటోందని లెక్క. అవి విడిగా రాసిపెట్టు.

ఇక డబ్బు ఖర్చు లేని పని, డ్రైవర్. పాతదాని మీద కొత్తది ఎక్కించడం చాలదు. సేఫ్ మోడ్‌లో (విండోస్ అతి తక్కువ ప్రోగ్రాములతో తెరుచుకునే పద్ధతి) డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ప్రోగ్రామ్‌తో శుభ్రంగా తీసేసి, కార్డు కంపెనీ సైట్ నుంచి మళ్లీ ఎక్కించు. ఈ మధ్య అప్‌డేట్ చేశాకే గొడవ మొదలైతే, ఒక వెర్షన్ వెనక్కి వెళ్లు.

ఇప్పుడు నేను ఎక్కువసేపు చెప్పాలనుకున్నది, కరెంటు గురించి. కార్డు మీద 320 వాట్లు అని రాసి ఉంటే అది సగటు లెక్క. పేలుడు దృశ్యం ఒకటి తెర మీదకు రాగానే, సెకనులో వెయ్యో వంతు పాటు కార్డు దానికి దాదాపు రెట్టింపు కూడా లాగవచ్చు. ఆ క్షణపు దెబ్బకి పవర్ సప్లైలోని రక్షణ సర్క్యూట్, ఎక్కడో షార్ట్ అయిందేమో అనుకుని మొత్తం ఆపేస్తుంది. అందుకే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, పెద్ద పవర్ సప్లైలు తమ సామర్థ్యానికి 200 శాతం వరకు భారాన్ని 100 మైక్రోసెకన్లు తట్టుకోవాలని పెట్టారు. నీది అంతకుముందుదైతే, లెక్కకు వాట్లు సరిపోతున్నా ఈ దెబ్బకు పడిపోవచ్చు. ఏళ్లు గడిచే కొద్దీ లోపల కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్లు కూడా బలహీనపడతాయి.

కేబుళ్లు చూడు. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకి 75 వాట్లు, 8 పిన్నుల కనెక్టర్ ఒక్కోదాని నుంచి 150 వాట్లు అని లెక్క. కార్డుకి అలాంటివి రెండు కావాలంటే, పవర్ సప్లై నుంచి రెండు విడి కేబుళ్లు రావాలి. ఒకే కేబుల్ చివర రెండు తలలుంటాయి కదా, ఆ రెండూ కార్డుకి గుచ్చేస్తే భారమంతా ఒకే తీగల మీద పడుతుంది. చాలా ఏళ్ల క్రితం ఒక కుర్రాడు అచ్చం నీలాంటి ఫిర్యాదుతోనే సిస్టమ్ తెచ్చాడు. కార్డు పోయిందన్నాను. అతను కొత్తది కొన్నాడు. మూడో రోజుకే మళ్లీ అదే బాధ. అప్పుడు బాక్స్ వెనక పలక తీసి చూస్తే ఒకే కేబుల్‌కి రెండు తలలు. రెండో కేబుల్ వేయగానే ఆ బాధ పోయింది. అవసరం లేని ఖర్చు అతనితో పెట్టించానన్న బాధ నాకింకా ఉంది. అప్పటి నుంచి కేబుళ్లు చూడకుండా కార్డు మాట ఎత్తను.

నీది 16 పిన్నుల కొత్త కనెక్టర్ అయితే అది అంచు వరకు పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో వెలుతురులో చూడు. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల దగ్గర అవి కరిగిపోయినప్పుడు, సరిగా కూర్చోకపోవడమే ముఖ్య కారణాల్లో ఒకటిగా తేలింది. ఇంకో పవర్ సప్లై తాలూకు కేబుల్ మాత్రం, పిన్నులు ఎంత సరిపోయినా, వాడకు. ఒక్కో మోడల్‌కి లోపలి వరుస వేరుగా ఉంటుంది, దాంతో కార్డు కాలిపోవచ్చు. పవర్ సప్లై డబ్బా మూత ఎప్పుడూ విప్పకు. ప్లగ్ తీసినా లోపల కరెంటు నిల్వ ఉంటుంది.

వీటి తర్వాత ఒక పరీక్ష చెయ్యి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో పవర్ లిమిట్‌ని (కార్డు లాగగల కరెంటు హద్దుని) 70 శాతానికి దించి, ఎప్పుడూ ఆగిపోయే చోటే ఆడు. పావుగంటకి పోయేది గంటన్నర నిలబడితే, కరెంటో వేడో కార్డు వేగమో ఈ మూడింట్లో ఒకటి. మళ్లీ 100 శాతానికి పెట్టి, ఈసారి కోర్ క్లాక్‌ని (కార్డు చిప్ వేగాన్ని) 100 మెగాహెర్ట్జ్ తగ్గించి చూడు. దీంతో కూడా నిలబడితే, కంపెనీ పెట్టి పంపిన వేగాన్నే ఆ చిప్ మోయలేకపోతోందని అనుమానించవచ్చు. వారంటీ ఉంటే అప్పుడు అడుగు.

వేడి సంగతి ఊహించకు, కొలువు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో వేడి రీడింగులు ఫైల్‌లోకి రాసుకునే సదుపాయం ఉంది. దాన్ని ఆన్ చేసి ఆడితే, సిస్టమ్ పడిపోయినా చివరి అంకెలు మిగులుతాయి. 65 డిగ్రీల దగ్గర ఆరిపోతుంటే వేడి కారణం కాదనే అనుకోవచ్చు. నిజంగా వేడెక్కిన కార్డు ముందు వేగం తగ్గించుకుంటుంది, అంటే ఆట నత్తనడక నడిచాకే ఆగుతుంది. కార్డు ఉష్ణోగ్రతకీ హాట్‌స్పాట్‌కీ (చిప్ మీద అన్నిటికన్నా వేడి చోటు) మధ్య తేడా 10, 15 డిగ్రీలుంటే మామూలే. 25 దాటితే చిప్ వేడిని బయటికి చేర్చే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకో, గాలికి అది అతి వేగంగా తిరిగితే పాడవుతుంది.

ర్యామ్ విషయం చిన్నదే కానీ మరచిపోతారు. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్‌లో ఉంటే, అది కూడా ఓవర్‌క్లాకే. ఆపేసి ఆడు. రాత్రి పడుకునే ముందు ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టు, ఒక్క ఎర్రర్ వచ్చినా సరే, ర్యామ్ వైపు గానీ దాని సెట్టింగుల వైపు గానీ తప్పున్నట్టే.

ప్రాసెసర్ ఇంటెల్ 13వ, 14వ తరం ఐ7 గానీ ఐ9 గానీ అయితే ప్రత్యేకంగా చెప్పు. వాటిలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజీతో మెల్లగా పాడయ్యాయి. గేమ్‌లో మాత్రం "వీడియో మెమరీ చాలడం లేదు" అని వచ్చేది, పాపం అందరూ కార్డునే అనుమానించారు. 2024లో ఇంటెల్ దానికి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్ ఇచ్చి, వారంటీని 2 ఏళ్లు పొడిగించింది. ఆ మైక్రోకోడ్ బయోస్ అప్‌డేట్‌తో వస్తుంది. అయితే అప్పటికే పాడైన చిప్‌ని ఆ అప్‌డేట్ బాగుచేయదు, మార్పించుకోవాల్సిందే.

ఇవన్నీ ఒకే పూట చేసేయకు. ఒకటి మార్చు, గంటన్నర ఆడు, నోట్‌బుక్‌లో రాయి, తర్వాతే ఇంకొకటి. డ్రైవర్, ర్యామ్, కేబుల్ మూడూ ఒకేసారి మార్చి బాగయితే, దేనివల్ల బాగయిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. రెండు నెలలకి మళ్లీ మొదలైతే మొదటి నుంచి వెతుక్కోవాలి. మొదలుపెట్టే ముందు నీ బొమ్మల ఫైళ్లన్నీ బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. ఇలా ఠక్కున ఆరిపోతుంటే రాస్తున్న ఫైళ్లు చెడిపోతాయి.

ఈ వారంలో నాకు నాలుగు సంగతులు రాసి పంపు. ఎలా ఆగుతోందో, ఈవెంట్ వ్యూయర్‌లో ఏముందో, 70 శాతం దగ్గర నిలబడిందో లేదో, పవర్ సప్లై పక్కన స్టిక్కర్ మీద ఏం రాసి ఉందో. కార్డుకి గుచ్చిన కేబుళ్ల ఫోటో కూడా పెట్టు, రెండు చివరలూ కనిపించేలా.

ఉంటాను,
పెదనాన్న