గంటకు ఎంత చెప్పాలంటే

అనంతపురం

తల్లీ,

ఉద్యోగం మాని సొంతంగా కంప్యూటర్ పనులు పట్టుకుంటున్నావని అక్క చెప్పింది. మొదటి గిరాకీ రేటు అడిగితే "మీ ఇష్టం సార్" అన్నావట. ఇంకెప్పుడూ ఆ మాట అనొద్దు. ఎంతిచ్చినా తీసుకుంటావనే అర్థం చేసుకుంటారు.

ముందు నీ ఖర్చు లెక్క కట్టు. ఇంటికి నెలకు 30,000 కావాలనుకో. ల్యాప్‌టాప్ అరుగుదల, నెట్టు, పెట్రోలు, యూపీఎస్ బ్యాటరీ కలిపి 8,000 వేసుకో. నెలలో 25 రోజులు కూర్చున్నా డబ్బులొచ్చే పని రోజుకు నాలుగు గంటలే సాగుతుంది. మిగతాదంతా ఫోన్లు, తిరుగుడు, బాకీల వసూళ్లు. 38,000ను వంద గంటలకు పంచితే 380. పని దొరకని నెలలూ ఉంటాయి గదా, 450 దగ్గర నిలబడు. అంకెలు నావి, నీవి నువ్వు వేసుకో. పక్కవీధిలో ఎవరో 200కే చేస్తున్నారని దిగొద్దు.

నేను దెబ్బతిన్నది గుత్తకు ఒప్పుకున్న పనిలో. తాడిపత్రి దగ్గర ఒక నాపరాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీకి బిల్లింగ్ ప్రోగ్రాం 15,000కు రాసిస్తానన్నాను. కాగితం లేదు. చదరపుటడుగుల లెక్క, అప్పటి అమ్మకపు పన్ను వ్యాట్, బిల్లు ప్రింటు, ఇంతే అనుకున్నా. తర్వాత విరిగిన రాళ్ల లెక్క అడిగారు, లారీ బాడుగలు అడిగారు. ఇంతలో 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. వ్యాట్ ఒక్క గడి ఉన్నచోట కేంద్రం పన్ను సీజీఎస్టీ, రాష్ట్రం పన్ను ఎస్‌జీఎస్టీ అని రెండు గడులు, సరుకు కర్ణాటకకు పోతే ఐజీఎస్టీ, ఆపైన సరుకు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్లు. బిల్లంతా తిరగరాయాల్సొచ్చింది. డబ్బు అడగడానికి నోరు రాలేదు. కొన్నాళ్లకు ఆ నంబరు కనబడితే ఫోన్ ఎత్తడమే మానేశాను. ఆయన నన్నేమీ మోసం చేయలేదమ్మా. చాలని రేటుకు ఒప్పుకొని నేనే ఆయన్ను నట్టేట వదిలేశాను. ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

అందుకే గుత్త పనికి కాగితం రాయి. ఏం చేస్తావో రాసినట్టే ఏం చేయవో కూడా రాయి. పన్ను మారినా, కొత్త రిపోర్టు కావాలన్నా వేరే డబ్బని రాయి. నీకు తట్టిన గంటలకు మూడోవంతు కలిపి ధర చెప్పు. సంచకారం, అదే అడ్వాన్సు, చేతిలో పడకుండా మొదలుపెట్టొద్దు.

రిపేరుకు పోయేటప్పుడు విజిటింగ్ ఛార్జీ ఫోన్లోనే చెప్పు. ర్యామ్ అనే మెమరీ పలక తీసి, దాని అంచునున్న లోహపు పళ్లను రబ్బరుతో రుద్ది బిగిస్తే ఒక్కోసారి ఐదు నిమిషాల్లో కంప్యూటర్ లేస్తుంది. "ఇంతదానికి 300 రూపాయలా?" అంటారు. ముందే చెప్పుంటే ఆ మాట రాదు.

ఇక నీ వైపు న్యాయం. కొత్తది నేర్చుకోడానికి నీకు పట్టిన గంటలు వాళ్ల బిల్లులో వేయొద్దు. డేటా పోయి ఏడుస్తున్నవాళ్ల దగ్గర రేటు పెంచొద్దు. హార్డ్ డిస్క్ టకటకమంటుంటే చేయి పెట్టకుండా కరెంటు తీసేసి, రికవరీ ల్యాబుకు పంపమను. చూసినందుకు విజిటింగ్ ఛార్జీ చాలు.

కంపెనీలు నీ డబ్బులో టీడీఎస్, అంటే ముందుగానే కోసే ఆదాయపు పన్ను, పట్టుకొని ఇస్తే కంగారుపడొద్దు, రిటర్న్ వేసేటప్పుడు అది నీ లెక్కలోకే వస్తుంది. మామూలుగా సేవల రాబడి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో జీఎస్టీ మాత్రం వేయకూడదు.

ఆ మొదటి గిరాకీకి రేపే ఫోన్ చేసి రేటు చెప్పు. ఆదివారం ఇంటికి రా, నేను రాసుకున్న ఒప్పంద కాగితాలు రెండున్నాయి, చూపిస్తా.

మీ మామ