నడుము దాకా జుట్టుంది. కత్తెర పెట్టకుండా పంక్ మోహాక్ కట్టుకోవడం ఎలా?

మోహాక్ అంటే పక్కలు చదునుగా ఉండి, నుదుటి నుంచి మెడ దాకా నడినెత్తి జుట్టు గట్టులా నిలబడే కట్టు. మీ షరతులు మూడు: జుట్టు ఒత్తుగా నడుము దాకా ఉంది, ఒక్క అంగుళం కూడా కత్తిరించరు, కాలేజీ ఫెస్ట్‌లో మూడు గంటలు గంతులేసినా ఊడకూడదు. మూడూ కుదురుతాయి. ఐదు పిలకలు, ముప్పై చెంపపిన్నులు, పది యు పిన్నులు కావాలి. మొదటిసారి కాబట్టి గంటన్నర సమయం పెట్టుకోండి.

పంక్ అంటే 1970లలో వచ్చిన ఒక రకం రాక్ సంగీతం, దాని వెంట వచ్చిన తిరుగుబాటు వేషం. పంక్ అనగానే తట్టే నిలువు మోహాక్ మొదట్నుంచీ ఉన్నది కాదు. 1976-77లో లండన్ పంక్ కుర్రకారు జుట్టు ఎక్కువగా పొట్టిగా, ఎవరో కోపంలో కత్తిరించినట్టు ఉండేది. కోడిజుట్టులా నిలబడే మోహాక్ ఊపందుకున్నది 1980ల మొదట్లో. ది ఎక్స్‌ప్లాయిటెడ్ అనే పంక్ బ్యాండ్ గాయకుడు వాటీ బుకాన్ ఎర్ర మోహాక్ అప్పటిదే. సబ్బు, పంచదార నీళ్లు, గుడ్డు తెల్లసొన పూసి నిలబెట్టేవాళ్లు. మీకు అవేవీ పనికిరావు. ఒత్తైన రెండడుగుల జుట్టుని జిగురుతో నిలబెట్టడం తేలిక కాదు. ఎత్తంతా కట్టులోంచే రావాలి, హెయిర్ స్ప్రే పైపూత మాత్రమే.

ముందురోజు తలస్నానం చెయ్యండి, కండిషనర్ వద్దు. తర్వాత నూనె చుక్క కూడా తగలకూడదు. నూనె మీద స్ప్రే పట్టదు, సాయంత్రానికి పక్కల జుట్టు లేచిపోతుంది. అదేరోజు తలస్నానం చేస్తే జుట్టు పిన్నులోంచి జారుతుంది. కుదుళ్లకి డ్రై షాంపూ కొడితే కొంత పట్టు వస్తుంది. టాల్కమ్ పౌడర్ జోలికి మాత్రం పోకండి, నల్ల జుట్టు మీద ఫ్లాష్ పడితే బూడిద చల్లినట్టు కనిపిస్తుంది.

తోక దువ్వెనతో రెండు పాపిళ్లు తియ్యండి. ఒక్కొక్కటీ కనుబొమ్మ వంపు దగ్గర మొదలై మెడ దాకా పోవాలి. మధ్య పట్టీ నడినెత్తి మీద నాలుగు వేళ్ల వెడల్పు, మెడ దగ్గర రెండు వేళ్లు. ఈ పట్టీని నుదుటి నుంచి మెడ దాకా ఐదు భాగాలు చేసి క్లిప్పులు పెట్టండి. రెండు పక్కల జుట్టునీ ఐదేసి పాయలు చేసి, ఏ పిలకకి ఎదురుగా ఉన్న పాయని ఆ పిలకలోకే కలపాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. అలవాటు కొద్దీ వెనక్కి దువ్వేస్తారు, చెవి పైన జుట్టు సంచిలా వేలాడుతుంది. నిటారుగా పైకి, నడినెత్తి వైపే దువ్వండి. పక్కలు ఎంత చదునుగా ఉంటే మధ్య గట్టు అంత ఎత్తుగా కనిపిస్తుంది.

పిలకలు సన్నటి నల్ల రబ్బరు బ్యాండ్లతో మాడుకి ఆనించి కట్టండి. నోట్ల కట్టలకి వేసే రబ్బర్లు వద్దు, వెంట్రుకలు పీక్కొస్తాయి. మొదటి పిలక నుదుటి అంచుకి రెండు మూడు సెంటీమీటర్ల లోపే ఉండాలి, వెనక్కి జరిగితే ముందు బోసిగా ఉంటుంది. రెండేసి పిలకలకొకసారి వెనక నుంచి ఫోన్‌తో ఫొటో తీయించుకోండి. వరుస వంకర పోతుంటుంది, ఎందుకంటే చెయ్యి వాటం వైపు లాగేస్తాం. కనుబొమ్మలు ఎత్తితే నుదురు లాగుతోందంటే మరీ బిగించినట్టే. విప్పి మళ్లీ కట్టండి, లేకపోతే మొదటి పాటకే తలనొప్పి.

ఇప్పుడు అసలు పని. పిలకలోంచి అంగుళం మందం పాయ తీసి, మొదటి పది సెంటీమీటర్లలో దువ్వెనని కుదురు వైపు నాలుగుసార్లు నొక్కుతూ దించండి. పార్లర్లో బ్యాక్ కోంబింగ్ అనేది ఇదే. అన్ని పాయలూ అయ్యాక పైపొరని మాత్రం నున్నగా సర్దండి. పిలకని ముందుకి మడిచి లూప్ చెయ్యండి. నుదుటి దగ్గర లూప్ ఎత్తు ఆరేడు సెంటీమీటర్లు, రెండోదీ మూడోదీ పది పన్నెండు, తర్వాతవి తగ్గుతూ రావాలి. మిగిలిన పొడుగు మొదలు చుట్టూ తిప్పి, కొసలు ఐదారు సెంటీమీటర్లు ముళ్లలా బయటికి వదలండి. రెండు పిన్నులు ఇంటూ మార్కులా పడాలి, పిన్నులో వంకీలున్న కాలు మాడు వైపు ఉండాలి. పళ్లతో విప్పిన పిన్ను వదులైపోతుంది, పక్కన పారెయ్యండి.

ఇక్కడితో ఆపితే వరసగా ఐదు కొప్పులు పెట్టుకున్నట్టు ఉంటుంది. లూప్‌లని విసనకర్రలా విప్పి, పక్కపక్క అంచులు కలిపి యు పిన్ను గుచ్చితేనే అది ఒకే గట్టు అవుతుంది. జుట్టు పలచగా ఉన్నవాళ్లు పాత సవరాన్ని చుట్టి లూప్ లోపల దాచవచ్చు.

స్ప్రే 25-30 సెంటీమీటర్ల దూరం నుంచి పలచగా మూడు పూతలు, మధ్యలో ఒక్కో నిమిషం ఆరనివ్వండి. దగ్గర నుంచి కొడితే తడిసి, బరువెక్కి వాలిపోతుంది. దీపాలు, అగరుబత్తులు ఉన్నచోట కొట్టొద్దు, భగ్గుమంటుంది. పక్కల లేచిన వెంట్రుకలకి పాత టూత్ బ్రష్ మీద స్ప్రే కొట్టి అణచండి. గట్టు ఒక పక్కకి వాలుతోందంటే స్ప్రే చాలక కాదు, మొదట్లో రబ్బరు వదులైంది. పైన ఎంత కొట్టినా నిలవదు.

అలంకారానికి కొనేదేమీ లేదు. అమ్మ గాజులకి వేలాడే పిన్నీసులే పంక్‌ల ముద్ర. చెవి పైన సన్న జడ ఒకటి అల్లి, దానికి మూడు పిన్నీసులు తగిలించండి, మొన మాత్రం మూసి ఉండాలి. రంగు కావాలంటే జుట్టుకి వేసే కలర్ వాక్స్ నయం, సుద్దరంగులు నల్ల జుట్టు మీద సరిగా కనిపించవు. రెండూ తెల్లబట్టలకి అంటుతాయి.

విప్పేటప్పుడు పొడి జుట్టు మీద దువ్వెన పెట్టకండి. పిన్నులు తీసి, రబ్బర్లు చిన్న కత్తెరతో తెంపండి. గుప్పెడు కండిషనరో కొబ్బరినూనో పట్టించి పావుగంట ఆగి, వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీసుకుంటూ రండి. ఆ తర్వాత రెండుసార్లు షాంపూ.